గాయపడిన కోడి కూడా అమానతే

పెరట్లో కోళ్లు తిరిగే ముస్లిం గృహాలు మన పల్లెల్లోనూ, పట్టణాల శివార్లలోనూ నేటికీ అనేకం. వాటిలో ఒకదానికి పిల్లలు పేరు పెట్టుకుంటారు. బడి నుండి రాగానే దానికే మొదట గింజలు వేస్తారు. అటువంటి కోడిని ఒకనాడు కుక్క కరచి విడిచిపెడితే, పెద్దల నోట వెలువడే మొదటి మాట “ప్రాణం ఉండగానే జిబహ్ చేసేద్దాం” అన్నదే. అది ధర్మసమ్మతమే, సందేహం లేదు. అయితే ధర్మసమ్మతమైన ప్రతి పనీ ప్రతి సందర్భంలోనూ ఉత్తమమైనది కాజాలదు. బ్రతికే అవకాశమున్న జీవిని, బిడ్డ కన్నీళ్ల ఎదుట, తొందరపడి కోయడం తగునా అని ఆలోచించాలి.

హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న పిట్ట చనిపోగా, దిగులుగా ఉన్న ఆ పసివాణ్ణి దైవప్రవక్త (స) ఆప్యాయంగా పలకరించి, పిట్ట సంగతి అడిగిన వృత్తాంతం హదీసు గ్రంథాల్లో ఉంది. పసివాడి పిట్ట ఆ మహనీయునికి చిన్న విషయం కాలేదు. మనకూ కారాదు.

అయితే కరుణకు తెలివి తోడు కావాలి. గాయపడిన కోడిని ముందుగా తక్కిన కోళ్ల నుండి వేరు చేయాలి. రక్తం కనబడితే తోటి కోళ్లే దానిని పొడుస్తాయి. గంప కింద మెత్తని గుడ్డ పరచి, వెలుతురు తక్కువగా ఉన్న వెచ్చని మూలలో ఉంచాలి. పట్టుకునేటప్పుడు రొమ్ము అదమరాదు. పక్షి ఊపిరి తీసుకోవాలంటే దాని రొమ్ము కదలాలి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి పట్టాలి. తరువాత గాయం చుట్టూ ఈకలను పీకకుండా కత్తెరతో కత్తిరించి, కాచి చల్లార్చిన లీటరు నీటిలో సుమారు 9 గ్రాముల ఉప్పు కలిపి ధారగా పోసి కడగాలి. నీటిలో పలుచగా కలిపిన పోవిడోన్ అయోడిన్ అద్దవచ్చు. మట్టి కడగకుండానే పసుపు దట్టించడం, కిరోసిన్ పోయడం మేలుకు బదులు కీడు చేస్తాయి. ఈగలు వాలితే పురుగులు పడతాయి. ఉదయం, సాయంత్రం గాయాన్ని తప్పక చూడాలి.

దాహం తీర్చాలన్న ఆరాటంతో నోట్లో నీళ్లు పోయరాదు. శ్వాసనాళపు ద్వారం నాలుక వెనుకనే ఉంటుంది గనుక ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముక్కు కొనను నీటిలో తాకిస్తే అదే త్రాగుతుంది. మెత్తని అన్నం, ఉడికించిన గుడ్డు కొద్దికొద్దిగా పెట్టాలి.

కుక్క, పిల్లి కాటు పైకి చిన్నదిగా కనిపించినా లోపల చీము పడుతుంది. అటువంటి గాయాలకూ, విరిగిన కాలికీ పశువైద్యుని చూపించాలి. సంచార పశువైద్య సేవకు 1962 నంబరు ఉంది. మనుషుల మాత్రలు ఊహతో వేయరాదు. వైద్యుడు మందు ఇస్తే, ఎన్ని రోజులు దాని గుడ్లు, మాంసం తినరాదో ఆయననే అడిగి పాటించాలి. హలాల్‌తో పాటు తయ్యిబ్ కూడా మన నియమమే కదా!

ఒక జాగ్రత్త ముఖ్యం. గాయం లేకుండానే కోళ్లు ఒకదాని వెంట ఒకటి చనిపోతుంటే వాటిని ముట్టుకోరాదు, కోయరాదు; వెంటనే పశువైద్యశాలకు తెలపాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి మరువరాదు. గాయపడిన కోడిని తాకినా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాని గంప వంటింటికి దూరంగా ఉండాలి.

కోలుకున్న కోడిని ఒక్కసారిగా గుంపులో వదిలితే తక్కినవి దానిని కొత్తదిగా ఎంచి తరుముతాయి. కొన్ని రోజులు జాలీకి అవతల, వాటి కంటికి కనబడేలా ఉంచి, ఆ తరువాత కలపాలి.

ఎంత చేసినా కొన్ని బ్రతకవు. ఆశ లేదని, బాధ తగ్గదని వైద్యుడు చెబితే ఆలస్యం చేయకుండా పదునైన కత్తితో దాని బాధను ముగించడం కూడా కారుణ్యమే. అప్పుడు బిడ్డతో “ఎక్కడికో పారిపోయింది” అని అబద్ధమాడకండి. చెప్పకుండా ఆ మాంసాన్ని అతని పళ్లెంలో వడ్డించకండి. నిజం చెప్పి దగ్గరకు తీసుకోండి. నోరులేని జీవికి మనమిచ్చిన మాట మనకు ఎంత విలువైనదో ఆ పసిహృదయం ఆనాడే తెలుసుకుంటుంది.