మిలిటరీ లారీని మేపగలరా?

వానాకాలం బురద బాటలో, చక్రం దిగబడే చేలో కూడా లోడుతో బయటపడుతుందని పాత మిలిటరీ లారీకి పేరు. "చవగ్గా వస్తోంది, ఇనుము గట్టిది" అని ఎవరో చెప్పగానే నలుగురు చిన్న రైతులు కలిసి కొందామనుకుంటారు. బండి గట్టిదే. కానీ గొడ్డును కొనే ధర వేరు, మేపే ఖర్చు వేరు. అప్పు చేసి కొన్న బండి మూలన పడితే ఆ వడ్డీ భూమి మీదికే వస్తుంది. అందుకే కొనబోయేవారూ, ఇప్పటికే నడుపుతున్నవారూ ఈ విషయాలు తెలుసుకోవాలి.

ఏమిటీ బండి?

పాత మిలిటరీ లారీల్లో పేరున్నది శక్తిమాన్. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో మొదలై, 1996 వరకు జబల్‌పూర్‌లో తయారైంది. ఆ తర్వాత సైన్యంలో టాటా, అశోక్ లేలాండ్ స్టాలియన్ బండ్లు పెరిగాయి. అంటే చివరి శక్తిమాన్‌కు కూడా పాతికేళ్ళు దాటాయి. కాబట్టి బండికి బేరమాడే ముందు దాని సామాను దొరుకుతుందా అని వాకబు చేయండి. సికింద్రాబాద్ తిరుమలగిరిలో సైన్యం మెకానిక్ విద్య నేర్పే ఈఎంఈ కాలేజి ఉంది. ఆ విభాగంలో పనిచేసి రిటైరైన మెకానిక్ ఎవరైనా తెలిసి ఉంటే, బండిని ఒకసారి చూపించుకోవడం మంచిది.

ముందు కాగితాలు

15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు. వాటిని గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికే పంపాలి. రక్షణ అవసరాల ప్రత్యేక వాహనాలకు ఇందులో మినహాయింపు ఉంది. అయితే తుక్కుగా అమ్మిన బండి ఎంత బాగా నడిచినా రోడ్డెక్కడానికి పనికిరాదు. ఇది మరిచి డబ్బు కట్టకండి.

సైన్యం నుంచి వచ్చిన బండిని మొదటిసారి రిజిస్టరు చేయించడానికి ఫారం 21లో అమ్మకం సర్టిఫికెట్టు అసలు ప్రతి కావాలి. ఇప్పటికే రిజిస్టరైన బండి అయితే ఆర్సీలోని ఇంజన్, ఛాసిస్ నంబర్లను బండి మీది నంబర్లతో స్వయంగా సరిచూసుకోండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు ఉండాలి. అనుమానం ఉంటే మీ జిల్లా రవాణా కార్యాలయంలోనే అడగవచ్చు. లోడుతో కలిపి 7,500 కిలోలు దాటే బండికి భారీ వాహన లైసెన్సు ఉన్న డ్రైవరు కావాలి. ట్రాక్టరు లైసెన్సు చాలదు.

పొద్దున్నే చూడవలసినవి

ఇంజన్ ఆయిలు, రేడియేటరు నీళ్ళు, ఫ్యాన్ బెల్టు, టైర్ల గాలి చూడందే సెల్ఫు కొట్టకండి. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని తీసేస్తుండాలి. ఎయిర్ క్లీనరులో ఆయిల్ గిన్నె ఉంటే మట్టి పేరుకోగానే ఆయిలు మార్చాలి. దుమ్ము బాటలో తిరిగే బండికి ఇది మరీ ముఖ్యం.

ఈ బండ్లలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24 వోల్టులుగా పనిచేస్తాయి. ట్రాక్టరు బ్యాటరీ ఒక్కటి తెచ్చి తగిలిస్తే లాభం లేదు. పాతదొకటి, కొత్తదొకటి కలిపితే కొత్తది కూడా త్వరగా పోతుంది. జంటగానే మార్చండి. సెల్ఫు ఒకసారికి పది, పదిహేను సెకన్లకు మించి పట్టకండి. నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి. ఎయిర్ బ్రేకు బండి అయితే గాలి పూర్తిగా నిండేదాకా కదిలించకూడదు.

డీజిలు పూర్తిగా అయిపోయేదాకా నడిపితే లైనులో గాలి పడుతుంది. మళ్ళీ డీజిలు పోసినా స్టార్టు కాదు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిలు మాత్రమే వచ్చేదాకా చేతి పంపు కొట్టాలి.

ఫ్రంట్ గేరు బురదకే

ముందు చక్రాలకు కూడా లాగుడు ఇచ్చేది ఫ్రంట్ గేరు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. బురదలో టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు. ఆ బిగువంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది. గేరు బయటకు రాదు. అప్పుడు బలవంతం చేయకుండా, తిన్నగా నాలుగు గజాలు వెనక్కి నడిపితే వదులవుతుంది. చేను దాటి గట్టి రోడ్డు ఎక్కగానే ఫ్రంట్ గేరు తీసేయడం అలవాటు చేసుకోండి. నాలుగు వైపులా టైర్లు ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండాలి.

అమీర్‌పేట, పంజాగుట్ట దారిలో

సంగారెడ్డి వైపు నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగా వచ్చే బండికి అసలు పరీక్ష ఇక్కడే. సరుకు లారీలకు నగరంలో పగటిపూట ఆంక్షలు ఉంటాయి. వేళలు ట్రాఫిక్ పోలీసులను అడిగి తెలుసుకుని బయలుదేరండి.

రెండు మెట్రో మార్గాలు కలిసే అమీర్‌పేట చౌరస్తాలో బండి పాకుతూ పోవాలి. హాఫ్ క్లచ్చి మీద నెట్టుకొస్తే క్లచ్చి ప్లేటు కాలిపోతుంది. ఆగిన ప్రతిసారీ న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేకు వేయండి. బండి ఆగి ఉంటే రేడియేటరుకు ఎదురు గాలి తగలదు కాబట్టి వేడి ముల్లు మీద ఒక కన్ను వేసి ఉంచాలి. ముల్లు ఎర్రగీత వైపు పోతే పక్కకు ఆపండి. వేడి మీద రేడియేటరు మూత తీస్తే నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి. కాగిన ఇంజన్‌లో చన్నీళ్ళు పోస్తే బ్లాకు పగలవచ్చు. చల్లారేదాకా ఓపిక పట్టాలి.

పంజాగుట్ట ఫ్లైఓవరు దిగేటప్పుడు డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదలకండి. లోడు బండిని గేరులోనే దింపాలి. లేకుంటే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

లెక్క వేసుకోండి

రానూపోనూ 120 కిలోమీటర్లు, లీటరుకు 4 కిలోమీటర్లు వస్తుందనుకుంటే ట్రిప్పుకు 30 లీటర్ల డీజిలు. దానికి డ్రైవరు కూలి, ఇన్సూరెన్సు, పన్ను, టైర్ల అరుగుదల, రిపేరుకు పక్కన పెట్టే సొమ్ము కలపండి. అదే లోడుకు డీసీఎం అద్దె ఎంతో అడిగి పక్కన రాయండి. ఏడాదికి ఎన్ని ట్రిప్పులు పడతాయో కూడా చూడండి. ఎకరం, రెండెకరాల కూరగాయలకు బండి వారంలో ఎక్కువ రోజులు ఖాళీగానే ఉంటుంది. అలాంటివారు కలిసి డీసీఎం మాట్లాడుకోవడమే మేలు.

ఇప్పటికే బండి ఉన్నవారు పని లేని రోజుల్లో కూడా వారానికోసారి స్టార్టు చేసి కొంత దూరం తిప్పండి. ఆయిలు మార్చిన తేదీ, పోసిన డీజిలు, పెట్టిన ఖర్చు ఒక నోటుబుక్కులో రాయండి. మూడు నెలలకోసారి ఆ బుక్కు తీసి కూడితే బండి మిమ్మల్ని మోస్తోందో, మీరు బండిని మోస్తున్నారో తెలిసిపోతుంది.