రెండో తొట్టిలో ఏం జరిగింది?

1999 చివర్లో అమెరికాలోని 13 రాష్ట్రాల్లో 78 మందికి ఒకే రకం సాల్మొనెల్లా క్రిమి సోకింది. ఇద్దరు చనిపోయారు. ఆరా తీస్తే దాని మూలం బ్రెజిల్‌లోని ఒక మామిడితోట దగ్గర తేలింది. పండుఈగ బెడద పోవడానికి అక్కడ పండ్లను వేడినీళ్లలో ఉంచి, తర్వాత చల్లటి నీళ్ల తొట్టిలో వేసేవారు. అనుమానం ఆ రెండో తొట్టి మీదే పడింది. వేడెక్కిన పండు చల్లబడేటప్పుడు లోపలి గాలి కుంచించుకుపోతుంది. అప్పుడు పండు ముచ్చిక దగ్గరి సందుల్లోంచి చుట్టూ ఉన్న నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ నీళ్లు మంచివి కాకపోతే క్రిమి కండలోకి చేరుతుంది. ఆ తర్వాత పైపైన ఎన్నిసార్లు కడిగినా అది పోదు.

‘కడిగితే అంతా పోతుంది’ అన్న మాట ఇంటి ఇల్లాలికే కాదు, పండించే రైతుకూ ధైర్యం ఇస్తుంది. తెల్లవారకముందే రైతు బజారుకు బయలుదేరాలి కాబట్టి పాలకూర, కొత్తిమీర కట్టలన్నిటినీ ఒకే తొట్టిలో ముంచి తీస్తారు. ఒక్క కట్టకు పేడ అంటుకుని ఉన్నా, నీళ్లు మార్చకపోతే మిగతా కట్టలన్నిటికీ అది పంచినట్టే. కాలువ నీళ్లయితే చెప్పనే అక్కర్లేదు. ఆఖరిసారి కడిగే నీళ్లు మనం తాగగలిగేంత శుభ్రంగా ఉండాలి.

‘మేం మందే కొట్టం, మా కూరకేం భయం?’ ఇది ఇంకా గట్టి నమ్మకం. పురుగుమందు లేకపోవడం నిజంగా మేలే. కానీ 2011లో జర్మనీలో 50 మందికి పైగా ప్రాణాలు తీసిన ఇ.కోలై ఒక సేంద్రియ క్షేత్రంలోని మొలకల నుంచే వచ్చింది. మొదట నింద స్పెయిన్ కీరదోసల మీద పడి, ఏ పాపం ఎరుగని అక్కడి రైతులు నిండా మునిగారు. చివరికి దర్యాప్తు ఈజిప్టు నుంచి తెప్పించిన మెంతుల దగ్గర ఆగింది. మన పోపులపెట్టెలో ఉండే మెంతులే! పోపులో వేగే గింజ వేరు, తడిగుడ్డలో వెచ్చగా మొలకెత్తే గింజ వేరు. ఆ తడి, ఆ వెచ్చదనం క్రిములకూ అనువైనవే.

పేడ సంగతీ అంతే. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం పచ్చి పేడ వేశాక, తినే భాగం నేలను తాకే పంటైతే 120 రోజులు, తాకనిదైతే 90 రోజులు ఆగి కోయాలి. మన కొత్తిమీర నెలన్నరలోపే కోతకొస్తుంది. అంటే దానికి మాగిన ఎరువే దిక్కు. కుప్ప ఏడాదిగా గట్టు మీద పడి ఉన్నంత మాత్రాన మాగినట్టు కాదు. 15 రోజులపాటు 55 డిగ్రీల వేడి నిలవాలి, ఆ లోపు కనీసం ఐదుసార్లు తిరగేయాలని అదే నిబంధన చెబుతుంది. పచ్చి పేడతో చేసే జీవామృతాన్ని మొదళ్లలో పోయడం వేరు, రేపో మాపో కోయబోయే ఆకుల మీద చిలకరించడం వేరు.

మందు కొట్టేవాళ్లకు డబ్బా మీది చీటీయే పాఠం. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో అందులోనే ఉంటుంది. మొక్క లోపలికి ఇంకిపోయే మందును ఉప్పునీళ్లు తీసేయలేవు.

‘చట్టం మా జోలికి రాదు’ అనే మాటలో సగం నిజముంది. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 18వ సెక్షన్ పొలంలో ఉన్న రైతును మినహాయించింది. అమ్మకానికొచ్చిన పండుకు ఆ మినహాయింపు లేదు. కార్బైడ్‌తో మగ్గబెట్టిన పండ్లను అమ్మడం నిషిద్ధం. దాని బదులు ఎథిలిన్ వాయువును 100 పీపీఎం వరకు వాడొచ్చు.

ఇలాంటి జాగ్రత్తల మీద శిక్షణ ఎగుమతిదారులకే అనుకోవడమూ పొరపాటే. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చిన్న రైతులను దృష్టిలో పెట్టుకునే ఐదు సూత్రాలు రాసింది. ఒంటి శుభ్రత, పశువుల నుంచి పొలానికి కాపు, మాగిన ఎరువు, సాగునీటి మీద కన్ను, శుభ్రమైన పొడి బుట్టలు. మొదటిదే అన్నిటికన్నా కష్టం. కోతకొచ్చే కూలీ ఆడవాళ్లకు చుట్టుపక్కల మరుగుదొడ్డి ఉండదు, సబ్బు ఉండదు. విరేచనాలవుతున్నా కూలి పోతుందని పనికొస్తారు. వాళ్లను కూర్చోబెట్టి చేతులు కడుక్కోమని చెప్పి పంపేస్తే అది శిక్షణ కాదు. గట్టు మీద కుళాయి ఉన్న నీళ్ల డ్రమ్ము, తాడుకు కట్టిన సబ్బు, జబ్బుపడ్డ రోజు కూలి ఇవ్వడానికి రైతు ఒప్పుకోవడం, ఈ మూడింటితోనే పాఠం మొదలుపెట్టాలి.