వేల్పుల ముందటి ఆట

సారపాకయొద్ద గోదావరి యొడ్డున నిలిచి చూచువారికి ఆవలి దరిని భద్రాద్రి రాముని కోవెలయు, ఈవలి దరిని కాగితపు మిల్లు పొగగొట్టములును గానవచ్చును. భద్రాచలమునుండి సుమారు 35 కిలోమీటర్లు ఏటి వెంబడి పోయినచో పర్ణశాల వచ్చును. మాయలేడి ఇచ్చటనే తిరుగాడెననియు, సీతమ్మను రావణుడు ఇచ్చటినుండియే కొనిపోయెననియు అచ్చటివారు నేటికిని చోటులు చూపి చెప్పుదురు. ఆ మాయలేడి కథనే సముద్రముల కావల బాలిద్వీపమున, ఉలువటు కోవెల ప్రక్కనున్న కొండకొమ్మున, ప్రొద్దుగ్రుంకు వేళ కెచక్ అను నృత్యముగా ఆడుచున్నారు. వాద్య మొక్కటియు లేకయే, నడుమునకు గళ్లబట్ట చుట్టుకొన్న పదులకొలది మగవారు వలయములుగా గూర్చుండి, ‘చక్ చక్’ అను నోటిమాటనే తాళముగను మేళముగను మార్చి, ఆ ధ్వనివలయము నడుమ రామాయణమును నడిపింతురు.

ఆ నృత్యమునకు రామాయణము పుట్టుకతో వచ్చినది కాదు. ఊరికి తెగుళ్లు సోకినపుడు దేవతను ఆవాహనచేసి, బాలికలను పూనకమున ఆడించు సంఘ్యాంగ్ అను క్రతువొకటి బాలిలో కలదు. దానికి తోడుగా మగవారు పాడెడి బృందగానమే కెచక్‌కు మూలము. 1930వ దశకమున జర్మను చిత్రకారుడు వాల్టర్ స్పీస్ అను నాతడును, వాయన్ లింబక్ అను బాలి నర్తకుడును ఆ గానమును క్రతువునుండి వేరుచేసి, రామకథకు జతపరచి, పరదేశపు ప్రేక్షకులు చూడదగిన రూపమునకు దెచ్చిరి. దేవతకొరకు పుట్టిన ఆట చూపరులకొరకు మారుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకదు.

అయినను బాలివారిని నేను మెచ్చుకొనునది ఆ మార్పునకు గాదు. ఆ మార్పునకు వారు గీసిన గీతకు. యాత్రికులు వెల్లువగా రాసాగిన కాలమున, 1971లో, దెన్పసార్ నగరమున పండితులును కళాకారులును సభదీర్చి, ఏ నృత్యము దేవునిది, ఏది మనుష్యులది యని తర్కించి మూడు తరగతు లేర్పరచిరి. గుడి లోపలి ప్రాకారమున పూజలో భాగమై జరుగునది వాలి; పూజకు తోడుగా నడుచునది బెబాలి; కేవలము చూచువారి వినోదమునకు ఆడునది బాలిహ్-బాలిహాన్. ఈ మూడు తరగతుల నృత్యములనే 2015లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. పెండెట్ అను నృత్యము దేవతలకు నైవేద్యముగా పూలు చల్లుచు ఆడునది; దానిని విమానము దిగివచ్చిన అతిథుల ముందు ఆడుట తగదని తలచినవారు, స్వాగతము కొరకు పన్యెంబ్రమ అను వేరొక నృత్యమును క్రొత్తగా కూర్చిరి. అతిథికిని లోటు రాలేదు, దేవతకును లోటు రాలేదు.

ఇక మన యేటిదరికి వత్తము. సారపాక చుట్టునున్న అడవిపల్లెలలోని కోయలకు కొమ్ముఆట కలదు. వారి భాషలో పెర్మకోక్ ఆట యందురు. మగవారు అడవిదున్న కొమ్ములు పొదిగిన తలపాగాలు ధరించి, వానికి నెమలియీకలు చెక్కి, మెడనుండి పెద్దడోళ్లు వ్రేలాడగా, ఒకరి నొకరు క్రుమ్ములాడు దున్నలవలె తలలు వంచి ఎదురెదురుగా వచ్చి, మరల వెనుకకు తగ్గుచు ఆడుదురు. స్త్రీలు ఒకరినొకరు పట్టుకొని వలయమై, ఒకే అడుగున వంగుచు లేచుచు రేలపాట పాడుదురు. వేసవిలో పసుపుపచ్చని పూగుత్తులతో వంగిపోవు రేలచెట్టు పేరును, ఆ పాట పల్లవిమాటయు ఒక్కటే. విత్తులు చల్లుటకు ముందు వచ్చు భూమిపండుగకు, పెండ్లిండ్లకు, వేల్పుల కొలుపులకు ఈ యాట ఆడవలసినదే. గోదావరి దిగువనున్న పాపికొండలను హైమెండార్ఫ్ అను మానవశాస్త్ర పండితుడు తన 1945 నాటి గ్రంథమున అడవిదున్నల కొండలని పేర్కొనినాడు. ఆ మృగము ఈ అడవుల కెంతటి గురుతో దీనినిబట్టి తెలియును. 1972 నాటి వన్యప్రాణి చట్టము పిమ్మట దానిని వేటాడరాదు గనుక, తాతలనాటి కొమ్ములే తండ్రుల తలలనుండి కొడుకుల తలలకు వచ్చుచున్నవి.

కోయల ఆటకు కథ నందించువారు డోలి కోయలు. వేల్పుల కొలుపునాడు, కులదేవతల గురుతులు గల పడిగె అను గుడ్డపతాకను విప్పి, డోలు మ్రోయించుచు, ఏ గట్టు (వంశశాఖ) వా రెవరి సంతతియో, ఏ యింటిపేరున కే వేల్పో, ఆ వేల్పు ఏ దారిని వచ్చెనో గానము చేయుదురు. లిపికి ఎక్కని ఆ చరిత్ర యంతయు వారి కంఠములందే యున్నది. మణుగూరు మండలపు కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు కోయభాషలోను తెనుగులోను సమ్మక్క సారలమ్మల గాథను పాడిన విద్వాంసుడు. 2022లో పద్మశ్రీ పొందిన ఆ గాయకుడు 2024లో గతించెను. ఒక్క మనిషి పోయిన నొక గ్రంథాలయమే పోవు స్థితిలో ఈ విద్య యుండుట నాకు నిజముగా దుఃఖము కలిగించుచున్నది.

ఇట్టి యాట నేడు ఎక్కువగా కానవచ్చు చోటేది? సభావేదికల ముందర, పెద్దల వాహనములు దిగు దారిప్రక్కల. పిలిచినవారు గౌరవముతోనే పిలుతురు, ఆడువారికి నాలుగు రూకలును దొరకును. దానిని తప్పు పట్టను. కాని వేల్పు ముందు తెల్లవారుదాక సాగవలసిన యాట అతిథి మెట్లెక్కునంతవరకే సాగి ఆగిపోవుచున్నది. పడిగె విప్పరు, డోలికథ ఎత్తరు, కొమ్ము లేమిటికో చెప్పువా రుండరు. బాలివారు గీసికొన్న గీతవంటి దానిని గీసికొను అధికారము కోయపెద్దలకు, వారి పూజారులకు గలదు. ఆ సభ వేరెవ్వరును కాక వారే తీర్చవలెను. ఏ అడుగులు కొలుపున మాత్రమే ఆడవలెనో, ఏ పాటలు ఎల్లరికిని వినిపింపవచ్చునో వారే తేల్చి, స్వాగతమునకు వేరొక ఆటను కూర్చిన యెడల, కొమ్ములకు విశ్రాంతియు దొరకును, యువకులకు వేదికయు దొరకును.

భూమిపండుగనాడు ఏదేని కోయగూడెమువారు పిలిచిన పక్షమున, వేదిక కొరకు వెదుకక అంచున నిలిచి చూడుడు. అచట కుర్చీలుండవు. డోలు మొదట మెల్లగా మ్రోగును. వలయమునకు తల్లి చేయి పట్టుకొని చిన్నపిల్ల వచ్చి చేరును. అడుగు తప్పినపుడు ఎవ్వరును దానిని ఆపరు, ప్రక్కనున్న చేయి దానిని మరల లయలోనికి లాగికొనును. ఆట కోడికూతదాక సాగును.