గరుడునికి కాపలా

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి కంప్యూటర్ల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. నన్ను ఇందులోకి లాగినది ఒక మాట: ‘పర్యవేక్షణం’.

మన దేశంలో సి-డాక్ సంస్థ ‘గరుడ’ అనే గ్రిడ్‌ను నిర్మించింది. ఊరికొకటిగా ఉన్న పెద్ద కంప్యూటర్లను తీగలతో కలిపి, ఒకే యంత్రంలాగా పనిచేయించడమే గ్రిడ్. మొదటి దశలో 17 నగరాలలోని 45 సంస్థలు ఇందులో చేరినవి. వాటి బాగోగులు కనిపెట్టి చూచే సాధనానికి ఆ ఇంజనీర్లు పెట్టిన పేరే ‘పర్యవేక్షణం’. 2008లో దాని వివరాలు ప్రకటించారు. ఆఫీసు ఫైళ్ళలో అరిగిపోయిన మాటకు అలా కొత్త ఉద్యోగం దొరికింది!

ఆ ఉద్యోగమేమిటో కర్నూలు, కడప వాళ్ళకు చెప్పడం తేలిక. మన కె.సి. కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు అందుకుని కడప వైపు పోతుంది. ఎగువన తూము తెరిచినంత మాత్రాన చివరి ఆయకట్టు తడిసినట్టు కాదు గదా! గండి పడిందా, పూడిక చేరిందా అని గట్టు వెంబడి నడిచి చూచే లస్కరు ఉండాలి.

యంత్రాల మధ్య లస్కరు పని చేసేది ‘పింగ్’. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికన్ దీనిని వ్రాశాడు. అది దూరపు యంత్రానికి “ఉన్నావా?” అని చిన్న కబురు పంపి, “ఉన్నాను” అనే బదులు ఎంతసేపటికి వచ్చిందో సెకనులో వెయ్యోవంతులలో లెక్కపెడుతుంది. 100 కబుర్లకు 90 జవాబులే వస్తే, దారిలో ఎక్కడో కారుతున్నదన్నమాట.

అసలు చిక్కు జవాబే రాకపోతే! మౌనం అర్ధాంగీకారమంటారు పెద్దలు. ఇక్కడ ఆ మాట చెల్లదు. యంత్రం ఆగిపోయి ఉండవచ్చు. యంత్రం బాగుండి దారి తెగి ఉండవచ్చు. రెండూ బాగుండి, వాకిట్లో కావలి ఉన్న ఫైర్‌వాల్ ఆ కబురును లోపలికి రానివ్వక పోవచ్చు. అందుకే ఒక్కచోటి నుంచి అడిగి ఊరుకోరు. బెంగుళూరుకు పలకని యంత్రం హైదరాబాదుకు పలికితే, అది బ్రతికే ఉన్నట్టు, దారిని వెతకాలి.

అడగడంలోనూ మితం కావాలి. క్షణక్షణం పెద్ద కొలతలు తీస్తే ఆ కొలతలే దారిని నింపివేస్తాయి. మరీ అరుదుగా అడిగితే, రోజుల తరబడి సాగిన లెక్క మధ్యలో తెగిన సంగతి తెల్లవారితే గాని తెలియదు. అది తుఫాను దారిని లెక్కకట్టే పనైతే, పోయిన ఆ ఒక్క రాత్రి విలువ తీరప్రాంతాల వాళ్ళనడగాలి.

‘పరి’ అంటే అంతటా. ‘అవేక్షణం’ అంటే చూడడం. చివరి మడి దాకా పోయి చూసినప్పుడే ఆ మాటకు న్యాయం జరిగినట్టు.