మందుల చీటి, కొంగుముడి

కడప జిల్లా వేంపల్లె మండలములోని ఇడుపులపాయలో మాజీ ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డి సమాధి యున్నది. స్వయముగా వైద్యుడైన ఆయన 2007లో ప్రారంభించిన ఆరోగ్యశ్రీకి 2024లో ఎన్టీఆర్ వైద్య సేవ యని పేరు మారినది. గుండెకు శస్త్రచికిత్స కావలసిన పేదవానికి అట్టి పథకము పెద్ద అండ. కాని అది ముఖ్యముగా ఆసుపత్రిలో చేర్చుకొని చేయు చికిత్సలకు ఉద్దేశింపబడినది. రక్తపుపోటుకు, మధుమేహమునకు నెలనెలా దుకాణములో కొను మాత్రల మాట వేరు. ఆ పైకము రోగి కొంగుముడి నుండియే రావలెను.

చాలనివారు ఏమి చేయుదురు? నెల మాత్రలను రోజు విడిచి రోజు మ్రింగి రెండు నెలలకు సర్దుకొందురు. వైద్యునితో ఆ సంగతి చెప్పరు. పోటు తగ్గలేదని ఆయన మోతాదు పెంచును; ఖర్చు మరింత పెరుగును. ఈ గుట్టు ముందుగా కనిపెట్టగలవాడు మందుల దుకాణములోని ఫార్మసిస్టు. 30 మాత్రలు కొనిపోయినవాడు 60 దినములకు తిరిగి వచ్చినపుడు, "ఏం పెద్దాయనా, మాత్రలు దినామూ వేసుకుంటాండావా?" అని మెల్లగా అడుగుట అతనికి కష్టము కాదు. నలుగురి యెదుట అడుగరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

అడిగిన పిమ్మట అతడు చేయగలది కొంత, చేయరానిది కొంత. చీటిలో కంపెనీ పేరున్నచో, షెడ్యూలు హెచ్ మందులకు బదులు అదే మందు గల మరొక కంపెనీ మాత్రనైనను తనంత తానుగా ఇచ్చుటకు 1945 నాటి ఔషధ నిబంధనలు ఒప్పుకొనవు. అయితే వైద్యునికి ఫోను చేసి, "ఇదే మందు తక్కువ వెలలో ఉన్నది, ఇవ్వవచ్చునా?" అని అడుగుటను ఏ చట్టమును కాదనదు. జెనరిక్ మందులకై 2008లో మొదలైన జన ఔషధి దుకాణముల దారి చూపవచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో పోటుకు, మధుమేహమునకు మందులు ఉచితముగా ఇత్తురని చెప్పవచ్చును. చెప్పినచో తన బేరము పోవుననుట నిజమే.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. ధర నియంత్రణకు లోబడిన మందుల గరిష్ఠ ధరలో చిల్లర వర్తకునికి 16 శాతము చేర్చి లెక్కింతురు. ఆ లెక్కన 100 రూపాయల సరుకుపై 16 రూపాయలు వచ్చును. 20 రూపాయల దానిపై 3 రూపాయల చిల్లర. ఇక జెనరిక్ అనిపించుకొన్న ప్రతి మాత్రయు రోగికి చవుక కాదు. కొన్నిటిని వర్తకుడు చాల తక్కువకు కొనును; అట్టపై మాత్రము పెద్ద ధర అచ్చయి యుండును. ఆ ధర మించరాని హద్దే గాని, అంతయు వసూలు చేసితీరవలెనన్న నియమము లేదు. తనకు చవుకగా వచ్చినదానిని రోగికిని చవుకగా ఇచ్చు ఫార్మసిస్టునే మేము మంచి ఫార్మసిస్టు అందుము.

చీటిలో 5 మందులుండి, చేతిలో మూడింటికే పైకమున్న రోగి తరచు తనకు తోచినవి మానివేయును. అప్పుడు, ఏవి ఆపరానివో చెప్పుట ఫార్మసిస్టు పని. మూర్ఛ మాత్ర చటుక్కున మానినచో ఫిట్లు తిరిగి రావచ్చును. బలమునకు వ్రాసిన టానిక్కు, వైద్యుడు సరేనన్నచో, వచ్చే నెల వరకు ఆగగలదు. నిదానముగా కరుగునట్లు చేసిన మాత్రలను పొదుపునకై సగము విరువరాదు. చేతిలో పది దినములకే డబ్బున్నచో పది మాత్రలే కత్తిరించి ఇచ్చి, పదకొండవ దినమున రమ్మని అట్టపై తేదీ వ్రాసి పంపవచ్చును.