మోకాలి చిప్ప విరుపు - ప్లేటు అమరిక

మోకాలి చిప్ప విరిగినపుడు దాని ముక్కలను పలుచని లోహపు ప్లేటుతోను, స్క్రూలతోను తిరిగి ఒకటిగా బిగించు శస్త్రచికిత్సను ప్లేటు అమరిక అంటారు. వైద్య పరిభాషలో మోకాలి చిప్పను పటెల్లా అని పిలుస్తారు. మొత్తం ఎముకల విరుపులలో చిప్ప విరుపులు సుమారు 1 శాతము మాత్రమే.

చిప్ప చేయు పని

తొడ ముందుభాగములోని నాలుగు తలల కండరము బిగిసినపుడు ఆ లాగుడు చిప్ప మీదుగా ముంగాలి ఎముకను చేరి మోకాలు చాపబడుతుంది. చిప్పను బావి గిలకతో పోల్చుట పరిపాటి. ఈ పోలిక సగమే సరియైనది. గిలక లాగు దిశను మాత్రమే మారుస్తుంది. చిప్ప కండరపు నారను కీలు నుండి ముందుకు జరిపి, మీట పొడవును కూడ పెంచుతుంది. మెట్లు ఎక్కునపుడు చిప్ప కీలుపై శరీరపు బరువుకు సుమారు 3 రెట్లు, గొంతుకు కూర్చొనునపుడు 7 రెట్ల వరకు ఒత్తిడి పడుతుంది.

విరుపు - గుర్తింపు

మోకాలిపై పడుట, వాహన ప్రమాదములు ముఖ్య కారణములు. పడుకొని, మోకాలు వంచకుండ కాలిని పైకెత్తలేకపోయినచో చాపు యంత్రాంగము తెగినదని అనుమానించాలి. ఎక్స్‌రేలో విరుపు తెలుస్తుంది. కొందరికి పుట్టుకతోనే చిప్ప రెండు భాగములుగా ఉంటుంది. దానిని విరుపుగా పొరబడరాదు.

ముక్కలు కదలక, కాలు ఎత్తగలిగినచో శస్త్రచికిత్స అవసరము లేదు. ముక్కలు 2 - 3 మి.మీ. మించి ఎడమైనపుడు మాత్రము బయటి కట్టు ఏదైనను, అది పుత్తూరు కట్టు అయినను, ఆసుపత్రి పిండికట్టు అయినను, వాటిని దగ్గరకు చేర్చలేదు. తొడ కండరము పై ముక్కను నిరంతరము పైకి లాగుచుండుటే ఇందుకు కారణము. ఆలస్యమైనకొద్దీ కండరము కుంచించుకొని ముక్కలను కలుపుట కష్టమవుతుంది.

తీగ నుండి ప్లేటు వరకు

1877లో జోసెఫ్ లిస్టర్ లండన్‌లో క్రిమిరహిత పద్ధతిలో వెండి తీగతో చిప్పను కుట్టాడు. 1937లో బ్రూక్ అను శస్త్రవైద్యుడు చిప్పను తీసివేసినను నష్టము లేదని వాదించాడు. చిప్ప లేని కాలికి చాపు శక్తి తగ్గునని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

తరువాత రెండు సన్నని పిన్నులు, ఎనిమిది అంకె ఆకారపు తీగ కలిసిన 'టెన్షన్ బ్యాండ్' పద్ధతి స్థిరపడింది. అడ్డముగా రెండు ముక్కలైన విరుపునకు ఇది నేటికీ వాడుకలో ఉన్నది. అయితే పిన్నులు జరుగుట, తీగ చివరలు చర్మమునకు గుచ్చుకొనుట తరచు ఫిర్యాదు. చిప్పపై చర్మము, పలుచని కణజాలము తప్ప మెత్తటి కండ లేదు కదా!

చిప్ప పలు ముక్కలైనపుడు, వయసుతో ఎముక గుల్లబారినపుడు ప్లేటు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇది చిప్ప వంపునకు తగినట్లు వంచుటకు వీలైన, తరచు వల వంటి టైటానియం రేకు. లాకింగ్ స్క్రూల తలలు రేకులోని మరలలో బిగిసి, స్క్రూలు, ప్లేటు ఒకే చట్రముగా నిలుస్తాయి. బిగించుటకు ముందు చిప్ప వెనుకనున్న మృదులాస్థి ఉపరితలము నునుపుగా కుదిరినదా అని చూచుట ముఖ్యము. అక్కడ మెట్టు మిగిలినచో కీళ్ళ అరుగుదల త్వరగా వస్తుంది.

కోలుకొనుట

చాలమందిని మోకాలు చాచి ఉంచు బ్రేసుతో, చేతికర్రల సాయముతో మొదటి రోజులలోనే నడిపిస్తారు. పాదము ఆడించుట, తొడ కండరమును బిగించి వదలుట అపుడే మొదలవుతాయి. సుమారు రెండు వారములకు కుట్లు తీస్తారు. మోకాలు వంపును క్రమముగా పెంచి, సాధారణముగా ఆరు వారములకు 90 డిగ్రీలకు తెస్తారు. ఎముక అతుకుటకు దాదాపు మూడు నెలలు, తొడ బలము రావడానికి ఇంకను అనేక నెలలు పడుతుంది. నొప్పికి భయపడి వ్యాయామము మానినవారికి మోకాలు బిగిసిపోతుంది.

మన ఇండ్లలో ఒక చిక్కు ఉన్నది. బాసింపట్టు వేసుకొనుట, నేలపై భోజనము, గొంతుకు కూర్చొను మరుగుదొడ్డి, ఇవన్నియు లోతైన వంపును కోరుతాయి. కుర్చీ కమోడ్‌ను శస్త్రచికిత్సకు ముందే ఏర్పాటు చేసుకొనుట మంచిది. మోకాళ్ళపై వంగునపుడు నొప్పి కొందరికి ఏళ్ళ తరబడి ఉంటుంది.

గాయము నుండి చీము, జ్వరము, పిక్కలో వాపు, నొప్పి, హఠాత్తుగా ఆయాసము కలిగినచో వెంటనే వైద్యుని చూడాలి. ప్లేటును అందరికీ తీయనక్కరలేదు. ఇబ్బంది పెట్టినచో ఎముక పూర్తిగా అతికిన తరువాతనే తీస్తారు. స్క్రూల రంధ్రములు పూడు వరకు కొన్ని వారములు పరుగులు, దుముకుళ్ళు మానాలి.