విద్యార్థి వేతనము – ఊరికి మరలి రావలసిన ధనము

కోనసీమవారికి అన్నదానమును గూర్చి వేరుగా చెప్పవలసిన పనిలేదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారికి సైతము విస్తరి వేసి వడ్డించిన చరిత్రమును మన యింటి పిల్లలు వినుచునే పెరుగుదురు. 2024లో రాష్ట్ర ప్రభుత్వమువారు బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరే పెట్టిరి. అయితే ఆ విస్తరిలోని యన్నమును రేపు పండించువా రెవరు? పండించు విద్యను వారికి నేర్పించువా రెవరు? అన్నదానము నిలువవలెనన్న విద్యాదానము తోడు కావలయును. కావున వ్యవసాయ విద్యకును, ఆహార పరిశ్రమలకును దొరకు విద్యార్థి వేతనములను, గ్రాంటులను గూర్చి ఈ నెల సభ్యులకు కొన్ని మాటలు మనవి చేయదలచితిమి.

గౌతమీ వసిష్ఠల నడుమనున్న మన నేల సామాన్యమైనది కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిమ్మట కాలువ నీరు పారి ఈ సీమ ధాన్యాగారమని పేరు గాంచెను. అట్టి సీమలోనే 2011 ఖరీఫునందు రైతులు నాట్లు మాని పంట విరామము ప్రకటింపవలసి వచ్చెను. నీరు లేక కాదు. మురుగు కదలక, కూలి పెరిగి, ధాన్యమునకు గిట్టుబాటు ధర రాక. 1996 నవంబరు 6వ తేది తుపానున నేలగూలిన కొబ్బరితోటలను మన పెద్దలు ఓపికతో మరల నిలిపిరి. నేడు ఆ తోటలలో దింపు తీయువారు అదనుకు దొరకుట లేదు. మన పిల్లలు హైదరాబాదునకో, కువైటునకో పోవుచున్నారు. పోవుట తప్పని మేమనము. కాని చదువుకొన్న బిడ్డలలో పదిమందికొక్కడైనను తన చదువుతో ఊరికి మరలి రాకున్నచో, భూమి మిగులును గాని సేద్యము మిగులదు.

డెన్మార్కు దృష్టాంతము

సహకారమును గూర్చి మాటాడువారందరును డెన్మార్కు పేరెత్తుదురు. ఆ దేశమున మొదటి సహకార వెన్న కర్మాగారము 1882లో యెడ్డింగు అను పల్లెలో నెలకొన్నది. ఒక ఆవు గలవానికిని, నూరావులు గలవానికిని ఒక్కటే వోటు. ఇంతవరకు మనవారు తరచుగా చెప్పుదురు. చెప్పకుండ విడుచునది మరియొకటి కలదు. ఆ కర్మాగారమునకు దాదాపు నలువదేండ్ల ముందే, 1844లో, అచ్చటి పల్లె యువకుల కొరకు రొడ్డింగులో మొదటి జానపద విద్యాలయము స్థాపింపబడెను. అట్టి విద్యాలయములు పెక్కు వెలసి, రైతుబిడ్డలు వాటిలో చదివి, సభ నడుపుటయు, నలుగురితో కలసి ఆలోచించుటయు నేర్చిరి. విద్య ముందు, వ్యాపారము పిమ్మట. మనము యంత్రమునకు ముందు గ్రాంటు కోరి, దానిని నడుపువానికై తరువాత వెదకుదుము.

ఆనందు, బరోడా – రెండు పాఠములు

మన దేశమున ఇంతకంటె దగ్గరి దృష్టాంతము ఆనందు పట్టణమున నున్నది. ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము 1946 డిసెంబరులో నమోదయ్యెను. దానికి పెద్ద త్రిభువనదాసు పటేలుగారు. మూడేండ్లు గడువకముందే, ప్రభుత్వ విద్యార్థి వేతనముతో అమెరికాలోని మిచిగనులో చదివి వచ్చిన వర్గీసు కురియనుగారు, ఒప్పందము చొప్పున ఉద్యోగము చేయుటకై 1949 మేలో ఆనందునకు వచ్చిరి. ఆ యూర నుండుట ఆయనకు మొదట ఇష్టము లేదు. సర్కారు కొలువు విడిచి పోబోవుచుండగా త్రిభువనదాసుగారు సంఘపు యంత్రములను చక్కబెట్టి పొమ్మని కోరిరి. ఆయన నిలిచిరి. గేదెపాలతో పొడి తయారుచేయు కర్మాగారము 1955లో అచ్చటనే లేచినది. అముల్ అను పేరు నేడెరుగనివారు లేరు. 2025లో పార్లమెంటు చట్టముచే ఆనందున వెలసిన సహకార విశ్వవిద్యాలయమునకు త్రిభువనదాసుగారి పేరే పెట్టబడినది.

ఇందు గ్రహింపవలసిన దేమి? వేతనము కురియనుగారిని ఊరికి తెచ్చినది. ఆయనను నిలిపినది మాత్రము ఊరివారి మన్నన, చేతినిండ పని.

దీనికి మారుగా బరోడా కథ చూడుడు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావుగారు భీమరావు అంబేడ్కరుగారికి నెలకు పదునొకండున్నర పౌనుల చొప్పున మూడేండ్లు వేతనమిచ్చి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపిరి. చదువు ముగిసిన పిమ్మట పదేండ్లు సంస్థానమున పనిచేయవలయునని ఒప్పందము. 1917లో ఆయన ఆ మాట నిలుపుకొన బరోడా చేరగా, కులము కారణముగా ఉండుటకు ఇల్లే దొరకలేదు. పనిచోట కూడ అవమానమే ఎదురయ్యెను. కొలదిదినములకే బరోడా విడువవలసి వచ్చెను. మరుసటి యేడు, 1918లో, ఆయన మన దేశపు చిన్న కమతములను గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. కమతము చిన్నదగుట యొక్కటే కీడు కాదనియు, పెట్టుబడియు పనిముట్లును చాలకుండుటయు, నేలపై జనము మితిమీరి ఆధారపడుటయు అసలు రోగమనియు, పరిశ్రమలు పెరుగుట మందనియు అందు వాదించిరి. కొలది యెకరములు గల మన రైతులకు ఇది నేటికిని చెల్లును. ఇట్టి వ్యాసము వ్రాయగల విద్వాంసుని బరోడా చదివించినది, ఉంచుకొనలేకపోయినది. 2022లో మన జిల్లాకు ఆయన పేరే వచ్చినది. పేరుతోపాటు ఈ పాఠమును కూడ మనము గ్రహింపవలయును. ఏ పేటనుండి వచ్చిన బిడ్డయైనను, చదివి వచ్చినవానికి సంఘమున కుర్చీ వేయని ఊరు వేతనమిచ్చియు ఫలము పొందదు.

మనకు దొరకు సహాయములు

మొదటిది చదువునకు. పదవ తరగతి ముగించినవారు వ్యవసాయ, ఉద్యాన పాలిటెక్నిక్కులలో రెండేండ్ల డిప్లొమా చదువవచ్చును. ఇంటరు తరువాత డిగ్రీ చదువదలచినవారికి ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమును, వెంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయమును గలవు. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు పదవ తరగతి పైచదువుల వేతనము 1944లో, అంబేడ్కరుగారు వైస్రాయి మండలిలో సభ్యులుగా నున్న కాలమున, ఆరంభమైనది. పిదప ఇతర వర్గములకును అట్టి వేతనములు ఏర్పడినవి. భారత వ్యవసాయ పరిశోధన మండలివారి ప్రవేశ పరీక్ష ద్వారా ఇతర రాష్ట్రమున చేరినవారికి నెలనెలా ఇచ్చు జాతీయ ప్రతిభా వేతనము వేరుగ నున్నది.

రెండవది చేతిపనికి. కొబ్బరి అభివృద్ధి బోర్డువారు యంత్రముతో చెట్టెక్కుటయు, మొవ్వు శుభ్రపరచుటయు, తెగుళ్ల గుర్తింపును ఆరు దినములలో నేర్పు శిక్షణను 2011లో ఆరంభించిరి. నేర్చినవారికి ఎక్కుడు యంత్రమును ఇచ్చి, ప్రమాద బీమాను ఏర్పరచిరి. దింపువారు లేరని వగచుటకంటె, మన యువకులను ఇట్టి శిక్షణకు పంపుట మేలు. వ్యవసాయము చదివి స్వతంత్రముగ బ్రతుకగోరువారికై 2002లో వ్యవసాయ క్లినిక్కుల పథకము ఏర్పడినది. శిక్షణ ఉచితము; ఆపై బ్యాంకు ఋణముపై నూటికి 36 వంతులు, స్త్రీలకును షెడ్యూల్డు కులములు, తెగలవారికిని 44 వంతులు సహాయముగ నిర్ణయించిరి. హైదరాబాదులోని మేనేజి సంస్థవారు దీనిని పర్యవేక్షింతురు.

మూడవది పరిశ్రమకు. 2020లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకమున, కొబ్బరి నూనె, కొబ్బరి పొడి, అప్పడములు మొదలగువాని చిన్న కర్మాగారములకు ఖర్చులో నూటికి 35 వంతులు, 10 లక్షల రూపాయలకు మించకుండ, గ్రాంటుగ నిర్ణయించిరి. సొంత వాటా నూటికి పది యుండవలయును. పొదుపు సంఘముల స్త్రీలకు సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనముగ నేర్పరచిరి. దీనికి పట్టాదారు పుస్తకము అవసరము లేదు గనుక, భూమిలేని కౌలుదారునికిని, కూలిపని చేయు తల్లికిని ఇది అక్కరకు వచ్చునట్టిది.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ గ్రాంటు సొమ్ము చేతికి రాదు. అది బ్యాంకులో ఋణపు లెక్కకు జతగా నుండి, వాయిదాలు తప్పక చెల్లించినచో మూడేండ్లకు ఋణములో తగ్గింపబడును. గ్రాంటును చూచి అప్పు చేయరాదు. సరకు అమ్ముడుపోవునని నమ్మకము కలిగినపుడే చేయవలయును. పథకముల గడువులును నియమములును మారుచుండును గావున, అర్జీకి ముందు జిల్లా కార్యాలయమున విచారించుట అవశ్యము.

విద్యకు మన ముంగిటనే ఆధారము గలదు. అంబాజీపేట పరిశోధన కేంద్రమువారు మన నాటు కొబ్బరిని గంగబొండముతో సంకరపరచి గోదావరి గంగ అను రకమును రూపొందించి విడుదల చేసిరి. తెల్లదోమ తోటలను పీడించినపుడు దానిని చంపు శిలీంధ్రమును పెంచి రైతులకు అందించినదియు వారే. అట్టిచోట పనిచేయగల బిడ్డలు మన యూళ్లనుండియే రావలయును.

సంఘము చేయదగిన పని

పైవేతనములు ఫీజునకు సరిపోయినను, బస్సు చార్జి, పుస్తకములు, వసతి ఖర్చు మిగిలియుండును. పేద రైతు, కౌలుదారు వెనుదీయునది ఇచ్చటనే. ఈ లోటును పూరించుట ఒక సంఘమునకు అసాధ్యము కాదు. నూరుగురు సభ్యులు దింపునకు పదేసి కాయలు వేరుచేసిరేని, ఏటికి ఆరు దింపులు లెక్కించినను ఆరువేల కాయలగును. ధర ఎంత పడిపోయినను ఒక బిడ్డ ఖర్చునకు అది మంచి ఆసరా. లాభము గల సంఘములు నియమావళిని, సహకార శాఖవారి అనుమతిని అనుసరించి అందులో కొంత కేటాయింపవచ్చును.

మా మనవి నాలుగు మాటలు. మొదట, మహాజనసభలో తీర్మానించి ఏటికొక విద్యార్థిని ఎన్నుకొనుడు. మార్కులతోపాటు అవసరమును చూడుడు. ఆడపిల్లలను, కౌలుదారుల పిల్లలను మరువకుడు. రెండవది, ఆదాయ, కుల ధ్రువపత్రములకై ఆ కుటుంబము తిరుగు తిరుగుడులో సంఘ కార్యదర్శి తోడుపడవలయును. చదువు ఆగుట తరచు డబ్బు లేక కాదు, కాగితము రాక. మూడవది, చదువు ముగిసిన పిమ్మట రెండేండ్లు సంఘమునకు పనిచేయునట్లు మాట తీసికొనుడు. దానికి తగిన జీతమును కూడ ముందే నిర్ణయించుడు. నాల్గవది, ఆ బిడ్డ వచ్చిననాడు పాలకవర్గమున కూర్చుండబెట్టి, అతని మాట వినుడు.

కొబ్బరిమొక్క నాటినవాడు మరునాడే కాయకై చూడడు. ఏండ్ల తరబడి నీరుపోసి, కంచెవేసి కాచుకొనును. విద్యార్థి వేతనము కూడ అట్టిదే. రాబోవు మహాజనసభలో ప్రతి సంఘమును ఈ విషయమును చర్చకు తెచ్చునని, ఒక్క బిడ్డతోనైనను ఆరంభించునని ఆశించుచున్నాము.